సెగ తగిలితేనే మోత

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల ఊళ్లలో ఒక్కో కులానికి ఒక్కో కథ ఉంది, ఒక్కో కథకు ఒక్కో వాద్యం ఉంది. వాటిని పట్టుకునే చేతులు మాత్రం ఏటికేడు తగ్గిపోతున్నాయి.

కోరుట్ల దాటి మెట్‌పల్లి వైపు పోతుంటే రోడ్డుకు కాస్త లోపలగా ఒక ఊరు. శ్రావణమాసం, ఆదివారం సాయంత్రం. పోచమ్మ గుడి ముందు వేపచెట్టు కింద వరిగడ్డి కుప్పేసి అగ్గి అంటించారు. చుట్టూ అయిదు డప్పులు, ముఖాలు మంటకేసి తిప్పి నిలబెట్టి ఉన్నాయి. బోనాలు ఇంకా ఇళ్లలోంచి కదల్లేదు. డప్పులోళ్లకు మాత్రం పని మొదలైంది.

డెబ్బై ఏళ్లు దాటిన పెద్దాయన ఒకాయన తన డప్పును మంట దగ్గర చక్రంలా తిప్పుతున్నాడు. తిప్పిన ప్రతిసారీ బొటనవేలితో తోలు మీద తట్టి చెవి దగ్గర పెట్టుకుంటున్నాడు. మొదట తట్టినప్పుడు తడిగోడను కొట్టినట్టు చప్పగా ఉంది. నాలుగోసారికి శబ్దం బిగిసింది. ఆరోసారి ఖంగుమంది. అప్పుడు భుజానికి తగిలించుకున్నాడు.

"ఎందుకు తాతా ఇంతసేపు?" అన్నాను.

"కాగకుంటే పలుకది బిడ్డా. మబ్బు వట్టిందంటే తోలు మెత్తవడ్తది. వానకాలం రెండుమూడు సార్లు కాగవెట్టాలె" అన్నాడు, మంట మీంచి చూపు తిప్పకుండానే.

ఆయన డప్పును చేతిలోకి తీసుకుని చూశాను. చట్రం వేపకర్రది. మీద మేకతోలు. ఆ తోలును చట్రానికి పట్టి ఉంచేది చింతగింజలు ఉడికించి నూరిన బంక. కుడిచేతికి చిర్ర, పొట్టిగా లావుగా ఉంటుంది. ఎడమచేతికి సిటికెన పుల్ల, వెదురుది, సన్నగా పొడుగ్గా ఉంటుంది. చిర్ర దరువును నడిపిస్తుంటే సిటికెన పుల్ల సందులు నింపుకుంటూ పోతుంది. వేపచెట్టు, చింతచెట్టు, మేక, వెదురుపొద. ఊరి పొలిమేర దాటి తేవలసిన వస్తువు అందులో ఒక్కటీ లేదు.

ఈ డప్పును చూస్తుంటే భూగోళానికి ఆవలి వైపున్న మరో వాద్యం గుర్తుకొచ్చింది. దక్షిణ అమెరికాలో బొలీవియా, పెరూ దేశాల ఆండీస్ కొండల మీద కెచువా, అయ్మరా ప్రజలు ఉంటారు. వానకాలంలో వాళ్లు ఊదే కర్రపిల్లనగ్రోవిని పింకిల్యు అంటారు. ఊదే ముందు దాన్ని నీళ్లతో తడుపుతారు. కర్ర ఉబ్బి, సన్న పగుళ్లు పూడుకుపోయి, గాలి బయటికి పోకుండా స్వరం నిలుస్తుంది. వాన తగ్గాక దాన్ని పక్కన పెట్టి, వానల్లేని కాలానికి సికు అనే రెల్లుగొట్టాల వాద్యం తీసే ఊళ్లు ఎన్నో ఉన్నాయి. అక్కడ వేణువుకు నీళ్లు తాపుతారు, ఇక్కడ డప్పుకు సెగ చూపిస్తారు. రెండు చోట్లా వాద్యానికి రుతువు తెలుసు.

సికులో నాకు మరీ నచ్చే సంగతి ఇంకోటుంది. దాని స్వరాలు ఒక మనిషి చేతిలో అన్నీ ఉండవు. సగం స్వరాలు ఒకరి దగ్గర, మిగతా సగం ఇంకొకరి దగ్గర. ఒకరు వదిలిన స్వరాన్ని మరొకరు అందుకుంటేనే పాట పూర్తవుతుంది. ఒక్కడే కూర్చుని వాయించుకోవడానికి అది పుట్టలేదు. మన ఊళ్ల వాద్యాలు కూడా అట్లాంటివే. వాయించేవాడు ఒకరు, వాయింపించుకునే హక్కూ బాధ్యతా ఇంకొకరివి. ఆ రెండో సగం చేయి వదిలేయడమే ఇప్పుడు మనం చూస్తున్న కథ.

ఊరి గొంతు

ఫోనూ మైకూ లేని రోజుల్లో ఊరికి డప్పే గొంతు. పెళ్లికి ఒక దరువు, జాతరకు ఒకటి, అమ్మవారికి ఒకటి, చావుకు ఇంకొకటి. పొలంలో నాటేసే ఆడవాళ్లు దూరాన దరువు విని నడుము ఎత్తి, "ఎవలో పోయినట్టున్నరు" అనుకునేవాళ్లు. కబురు మనిషి కంటే ముందు శబ్దం చేరేది.

ఈ మోత వెనక వెట్టి ఉందన్న మాట దాచి రాస్తే అది తప్పుడు రాత అవుతుంది. డప్పు కొట్టడం మాదిగ కుటుంబాలకు కళగా కాదు, ఊరు మోపిన చాకిరీగా వచ్చింది. దొర ఇంట్లో శుభమైనా అశుభమైనా పిలుపు వచ్చిందంటే జొరం ఉన్నా లేవాలి. దక్కేది కల్లంలో ఇన్ని గింజలు. ఆ దొరతనం మీద ఈ నేల తిరగబడింది. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్రకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి రైతుకూలీలు వేలల్లో కదిలారు. అదే ఏడాది ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ రోజుల పాటకు డప్పే తాళం. దొర గడీ ముందు మోగిన చిర్ర, దొర గడీకి ఎదురుగా మోగింది. ఊరి కోసం తరాలుగా చాటింపు వేసిన కులం 1994లో తన కోసం తాను మాదిగ దండోరా వేసుకుంది. తర్వాత తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికల మీద డప్పు లేని సాయంత్రం లేదు.

కాబట్టి, "మా నాయన కొట్టిండు, నేను కొట్టను" అనే పిల్లగాణ్ని తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. కులం పేరు పెట్టి పిలిచి, బువ్వ విడిగా పెట్టి, ఆపైన "కళను కాపాడు" అంటే ఎవరు వింటారు? డప్పు బతకాలంటే ముందు డప్పు మీద పడ్డ ఆ మచ్చ పోవాలి.

ఇప్పుడు బజారులో ఫైబర్ డప్పులు దొరుకుతున్నాయి. ఇనుప చట్రం, చుట్టూ నట్లూ బోల్టులూ. మంట అక్కర్లేదు, వానకు భయం లేదు, స్పానర్‌తో బిగిస్తే చాలు. రోజుకు రెండు పెళ్లిళ్లు పట్టుకునే కుర్రాళ్లకు అదే వీలు, వాళ్లను నేను ఏమీ అనను. కానీ వేపచెట్టు కింద ఆ పెద్దాయన తోలుడప్పు అందుకున్నప్పుడు నా పక్కటెముకల్లో ఏదో కదిలింది. ఫైబర్ డప్పు చెవికి చేరుతుంది. తోలుడప్పు గుండెలో మోగుతుంది.

హన్మాజీపేట

వేములవాడ దగ్గర హన్మాజీపేట ఉంది. తెలుగు పాఠకులకు ఆ ఊరు సినారె ఊరుగా తెలుసు. 1931లో అక్కడ పుట్టిన సి.నారాయణరెడ్డి 'విశ్వంభర' కావ్యంతో జ్ఞానపీఠం దాకా వెళ్లారు. చిన్నప్పుడు ఊళ్లో విన్న హరికథలూ జానపదాలూ జంగం కథలూ ఆయన చెవిలో లయ నాటాయి. అదే ఊరి మట్టిలోంచి ఇంకో పెద్ద గొంతు లేచింది. ఒగ్గుకథకు పర్యాయపదమైన మిద్దె రాములు. 2010లో ఆయన పోయినప్పుడు ఈ ప్రాంతం ఇంటి పెద్దను పోగొట్టుకున్నట్టు కుమిలింది. ఒకే ఊరు, ఒకే గాలి. ఒకరు కలం పట్టారు, ఒకరు కథ ఎత్తారు. నా దృష్టిలో ఇద్దరి పీటలూ సమానమే.

ఒగ్గు అంటే శివుడి చేతిలోని డమరుకం. జగ్గు అని కూడా అంటారు. దాన్ని పట్టుకుని కథ చెప్పేది ఒగ్గుపూజారులు. ఎక్కువగా కురుమలు, కొన్నిచోట్ల యాదవులు. బీరప్ప కథ, మల్లన్న కథ, ఎల్లమ్మ కథ. ప్రధాన కథకుడి పక్కన వంతపాడే వాళ్లుంటారు. డోలు, తాళాలు, సన్నాయికి చెల్లెల్లాంటి నపీర ఉంటాయి. డోలు ఒక ముఖాన్ని కర్రతో, రెండో ముఖాన్ని చేత్తో వాయిస్తారు. కథకుడే మల్లన్న అవుతాడు, మరుక్షణం పైట సర్దుకుని గొల్ల కేతమ్మ అవుతాడు, ఆ వెంటనే ముసలి అత్తయి జనాన్ని నవ్విస్తాడు. వేషం మార్చుకునే వ్యవధి ఉండదు. డోలు దెబ్బ మారితే మనిషి మారాడని జనం గుర్తుపడతారు.

మల్లన్న పండుగలో పట్నం వేస్తారు. పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపొడి లాంటి రంగులతో నేల మీద గీతలు గీసి, దాన్నే దేవుడి పెళ్లిపందిరి చేస్తారు. కొమురవెల్లి, ఐనవోలు, ఓదెలలో మాదిరే మెట్‌పల్లి పక్క పెద్దాపూర్ మల్లన్న దగ్గరా డోళ్ల మోతకు నేల అదురుతుంది. గంటల తరబడి ఒంగి గీసిన ఆ బొమ్మను చివరికి తొక్కేస్తారు. "పట్నం తొక్కుడు" అయితేనే పండుగ ముగిసినట్టు.

చిలీ, అర్జెంటీనా దేశాల్లోని మపూచే ప్రజల దగ్గర కుల్త్రున్ అనే డోలు ఉంటుంది. కర్రను పెద్ద గిన్నెలా తొలిచి, మీద తోలు బిగించి, ఆ తోలు మీద నాలుగు దిక్కులకు నాలుగు భాగాలు గీస్తారు. అది మాచి అనే పూజారి చేతిలోనే ఉంటుంది, మాచిలలో ఆడవాళ్లే ఎక్కువ. వాళ్లు లోకాన్ని డోలు మీదనే గీసుకున్నారు. మనవాళ్లు నేల మీద గీసి, డోలుతో దాని చుట్టూ తిరుగుతారు. ఒకరినొకరు ఎన్నడూ చూడని మనుషులు. అయినా దేవుణ్ని పిలవాలంటే ముందు దిక్కులు గీయాలని, తర్వాత తోలు మోగించాలని ఇద్దరికీ తోచింది.

సాంచెల మధ్య పటం

సిరిసిల్లలో బస్సు దిగగానే చెవిలో పడేది సాంచెల చప్పుడు. మరమగ్గాన్ని ఇక్కడ సాంచె అంటారు. గల్లీ గల్లీకీ షెడ్లు. పక్కపక్కన నిలబడ్డ ఇద్దరు పెదవులు చూసి మాట్లాడుకోవాల్సిందే. ఈ హోరులో వాద్యం గురించి ఎవరిని అడగాలి? ఒక కార్ఖానాలో నలభై ఏళ్లు పనిచేసిన నేతన్నను అడిగితే, సాంచె ఆపి, చేతులు తుడుచుకుని, "కూనపులోళ్లు వచ్చేది సార్ మా చిన్నప్పుడు. మూడొద్దులు ఉండి పటం చెప్పేది" అన్నారు.

పద్మశాలీలకు కూనపులివారు ఆశ్రితులు. మార్కండేయ పురాణం, భావనారుషి కథ వాళ్ల సొత్తు. చేర్యాల నకాషీలు గీసిన పొడవాటి పటాన్ని రెండు చివరలా చుట్టి ఉంచుతారు. కథ నడిచే కొద్దీ పటం విప్పుతూ, బొమ్మలు చూపిస్తూ, తాళం మద్దెలల మధ్య పాడతారు. మొదటి బట్ట ఎట్లా నేశారో, దేవతల నగ్నత్వం ఎట్లా కప్పారో అందులో ఉంటుంది. పొద్దంతా మగ్గం గుంటలో కాళ్లాడించిన మనిషి, రాత్రి పటం ముందు కూర్చుని తన పనికి దేవలోకంలో వేరుందని వినేవాడు. ఆ మాట మనిషికి ఎంత బలమిస్తుందో కూలి లెక్కల్లో తేలదు.

ఇది పద్మశాలీలకే పరిమితం కాదు. గొల్లలకు మందహెచ్చులు, వాళ్ల చేతిలో కొయ్యబొమ్మలు, కాటమరాజు కథ. ముదిరాజులకు కాకిపడగలవారు, గౌడులకు గౌడజెట్టివారు. విశ్వబ్రాహ్మణులకు రుంజలవారు, వాళ్ల రుంజ పెద్ద చర్మవాద్యం. మాదిగలకు చిందువారు, డక్కలివారు. ఎల్లమ్మ కథ చెప్పే బైండ్ల, బవనీల చేతిలో జమిడిక. దానికి ఒక వైపే తోలు, తోలు నడుమ నుంచి తీసిన నరపు తీగను బిగించి మీటితే మనిషి మూలిగినట్టు పలుకుతుంది. తెలుగులో ఇన్ని కులపురాణాలు ఉన్నాయంటే వాటికి ఇన్ని వాద్యాలు, ఇన్ని కుటుంబాలు కాపలా ఉన్నాయని అర్థం. 1950ల్లో బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయ సాహిత్యం మీద పరిశోధన చేసి విశ్వవిద్యాలయం తలుపు తెరిచాకే చదువుకున్నవాళ్లు వీటి వైపు తలతిప్పారు.

ఈ వ్యవస్థకు మిరాశి అని పేరు. ఏ కుటుంబం ఏ ఊళ్లలో కథ చెప్పాలో ముందే తీర్మానం. అన్నదమ్ములు విడిపోతే పొలం పంచుకున్నట్టే ఊళ్లు పంచుకునేవాళ్లు. ఒకరి ఊళ్లో మరొకరు అడుగుపెట్టరు. ఇంటింటికీ వంతు వేసి ఇచ్చేవాళ్లు. ఇచ్చేవాడు దాత కాడు, బాకీ తీర్చేవాడు.

ఆ బాకీ తీర్చేవాడు ఇప్పుడు ఎక్కడ? సిరిసిల్ల నేతన్నల బంధువులు భీవండిలో, సూరత్‌లో ఉన్నారు. జగిత్యాల, కోరుట్ల పల్లెల మగవాళ్లు దుబాయ్‌లో, మస్కట్‌లో ఉన్నారు. ఇంట్లో ఆడవాళ్లు బీడీలు చుడుతూ సంసారం ఈడుస్తున్నారు. పటం భుజాన వేసుకుని వచ్చినవాడికి తాళం వేసిన ఇళ్లే ఎదురవుతున్నాయి. తలుపు తీసిన ఇంట్లో పిల్లలకు ఆయన ఎవరో తెలియదు. బిచ్చగాడనుకుని పది రూపాయలు చేతిలో పెడతారు. హక్కుగా వచ్చినవాడు చేయి చాపినవాడైపోయాడు. మిరాశి విరగడమంటే అదే.

అలుగు పొలుసు, ఆర్మడిల్లో డొప్ప

డక్కలివారి మాట విడిగా చెప్పాలి. కులాల మెట్లలో అట్టడుగున నిలబెట్టిన మనుషులు. మాదిగవాడ బయటే గుడారం వేసుకోవాలి, మాదిగల ఇంటనే అడగాలి. వాళ్ల నోట జాంబపురాణం, చేతిలో కిన్నెర. అట్టడుగున తోసేసిన వాళ్ల చేతిలోనే తీగవాద్యాల్లోకెల్లా సుకుమారమైనది నిలిచింది.

వెదురు దండ. కింద ఎండిన సొరకాయ బుర్రలు. దండ మీద మెట్లు తేనెమైనంతో అతికిస్తారు. పాతరోజుల్లో ఆ మెట్లకు అలుగు పొలుసులు వాడేవారు. నెమలి ఈకలు, అద్దపు ముక్కలు అలంకారం. ఈ వాద్యం నిన్నటిది కాదు. పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో కిన్నర బ్రహ్మయ్య అనే భక్తుడున్నాడు. కిన్నెర వాయించి శివుణ్ని మెప్పించినవాడు. అంటే ఏడు వందల ఏళ్ల కిందటే తెలుగు చెవికి కిన్నెర తెలుసు.

ఆండీస్ కొండల్లో చరాంగో అనే చిన్న తీగవాద్యం ఉంది. స్పెయిన్ వాళ్లు రాకముందు ఆ నేల మీద తీగవాద్యాలు లేవు. వేణువులు, కొమ్ములు, డోళ్లే ఉండేవి. తెల్లవాళ్ల చేతిలో తీగలు చూసి అక్కడి మనుషులు తమ వాద్యం తాము చేసుకున్నారు. దాని కడుపు ఆర్మడిల్లో డొప్ప. మన అలుగులాగే ఒంటి నిండా కవచం ఉన్న జంతువది. ఇప్పుడు అక్కడ చరాంగోలను కర్రతో చేస్తున్నారు. ఇక్కడ అలుగును వేటాడితే 1972 నాటి వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు, అది న్యాయమే. మెట్లకు వేరే సరుకు వాడినా కిన్నెర కిన్నెరే. వస్తువు మారితే వాద్యం చావదు. వాయించేవాడి కొడుకు వేరే పనికి పోతే చస్తుంది.

పన్నెండు మెట్ల కిన్నెర వాయించే నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది కోయడోలు సకిని రామచంద్రయ్యకు వచ్చింది. 2024లో బుర్రవీణ దాసరి కొండప్పకు, చిందు యక్షగానం గడ్డం సమ్మయ్యకు వచ్చాయి. నాలుగూ గర్వపడాల్సినవే. అయితే మొగులయ్య గురించీ కొండప్ప గురించీ రాసిన వార్తల్లో ఒకే మాట పదేపదే కనిపించింది, "చివరి కళాకారుడు" అని. ఒక వాద్యం చివరి మనిషి దగ్గరికి చేరాక శాలువా తీసుకుని వెళ్లడం ఆలస్యంగా వెళ్లడమే. పదిమంది ఉన్నప్పుడు వెళ్లాలి. ఆచార్య జయధీర్ తిరుమలరావు, ఆచార్య గూడూరు మనోజ ఏళ్ల తరబడి ఊళ్లు తిరిగి ఈ వాద్యాలను సేకరించారు. ఆ శ్రమకు దండం పెట్టాలి. గాజు అద్దం వెనక ఉన్న కిన్నెరను చూస్తే మాత్రం నాకు సంతోషం సగమే కలుగుతుంది. దాని మైనం వేలి వేడికి మెత్తబడాలి కదా.

కోనరావుపేటలో తెర లేచినప్పుడు

2023 మార్చిలో 'బలగం' వచ్చింది. సిరిసిల్ల బిడ్డ ఎల్దండి వేణు తీసిన సినిమా. కోనరావుపేట మండలం కొలనూరులో చిత్రీకరణ. పెద్దమనిషి చావు చుట్టూ తిరిగే ఆ కథలో చివరికి ఇంటిని కలిపేది బుడిగజంగాల పాట. కొమురమ్మ, మొగిలయ్య దంపతులు పాడారు. నటులు కారు, నిజంగా ఊరూరా తిరిగి పాడేవాళ్లే. ఊళ్లలో పంచాయతీ ముందు తెరలు కట్టి ఆ సినిమా వేశారు. ఏళ్లుగా మాటల్లేని అన్నదమ్ములు చూసి ఒకటయ్యారన్న వార్తలు వచ్చాయి. మొగిలయ్య 2024 డిసెంబర్‌లో కన్నుమూశారు.

ఆ సినిమా మనకు చూపించింది కొత్త సంగతి కాదు. చావింట్లో బుడిగజంగాలు వచ్చి, పోయినవాళ్ల పేరు కథలో కలిపి పాడితే, అప్పటిదాకా బిగబట్టుకున్న దుఃఖం కట్ట తెగేది. అది వాళ్ల పని. ఏడవలేని మనిషిని ఏడిపించే పని. దానికి శారద అనే తంబుర, డక్కీ సరిపోయేవి. ఇవాళ చావింట్లో కూడా స్పీకరు పెట్టి రికార్డు వేస్తున్నారు. ఆ రికార్డుకు పోయినవాడి పేరు తెలియదు.

వేపచెట్టు దగ్గరికి మళ్లీ వస్తాను. ఆ సాయంత్రం బోనాలు కదిలాయి. డప్పులు ముందు నడిచాయి. ఊరి నడుమకు వచ్చేసరికి డీజే బండి అడ్డు తగిలింది, పెద్ద పెద్ద బాక్సులు, రంగు లైట్లు. డప్పులోళ్లు ఆగిపోయారు. చిర్ర చంకలో పెట్టుకుని పెద్దాయన పక్కకు జరిగాడు. బోనమెత్తుకున్న ఆడవాళ్లు మాత్రం కదల్లేదు. అందులో ఒకామె నడుం మీద చేయి పెట్టి, "డప్పు లేకుంటే అమ్మ ఎట్లొస్తది? ముందు దాన్ని బంద్ చెయ్యుండ్రి" అని గట్టిగా అంది. డీజే ఆగింది. డప్పు లేచింది. గుడి దాకా మళ్లీ ఆగలేదు.

ఈ మూడు పట్టణాల చుట్టూ ఉన్న ఊళ్ల వాళ్లకు, అక్కడి నుంచి హైదరాబాద్‌కూ భీవండికీ దుబాయ్‌కీ పోయి పండుగకు ఇంటికొచ్చే వాళ్లకు నాదొక విన్నపం. బోనాలకో పెళ్లికో ఇంట్లో దినాలకో డీజే బండికి అడ్వాన్సు ఇచ్చే ముందు డప్పులోళ్ల ఇంటికి, ఒగ్గోళ్ల ఇంటికి, జంగమోళ్ల గుడిసెకు కబురు పంపండి. డీజేకు ఇచ్చేదాంట్లో సగం కాదు, అంతే ఇవ్వండి. కులం పేరుతో కాకుండా వరస పెట్టి పిలవండి, బంతిలో పక్కన కూర్చోబెట్టుకుని భోజనం పెట్టండి. కాగబెట్టుకోవడానికి ఒక మోపు వరిగడ్డి మీ ఇంటి నుంచే పంపండి.